చెన్నైలో ఒక్క రోజు: బొమ్మలు, బిల్డింగులు తీరిగ్గా చూడడం ఎలా

ముందే చెప్పేస్తున్నా, శుక్రవారం మాత్రం వెళ్ళకండి. ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఈ ముక్క తెలియకే నెల్లూరు నుంచి వచ్చిన మా పిన్నినీ బాబాయినీ వాళ్ళ ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని, దారి పొడుగునా అమరావతి శిల్పాల గురించి లెక్చర్ దంచుకుంటూ వెళ్ళి, మూసిన గేటు ముందు నిలబడ్డాను. పిన్ని ఏమీ అనలేదు. గేటు కేసి ఒకసారి, నా కేసి ఒకసారి చూసి, "పోనీలేరా, టీనగర్ దగ్గరేగా" అంది. ఆ రోజు మధ్యాహ్నం నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా చీరల కొట్లో స్టూలు మీద కూర్చున్నాను. తప్పు నాదే, ఎవర్నీ ఏమీ అనడానికి లేదు.

మనవాళ్ళు చెన్నై వచ్చేది ఎక్కువగా ఆస్పత్రి పని మీద, లేకపోతే పెళ్ళి చీరలకి, లేకపోతే రైలు మారడానికి. ఇక్కడే ఏళ్ళ తరబడి ఉంటున్న తెలుగువాళ్ళు కూడా సెంట్రల్ స్టేషన్ పక్కనున్న తెల్ల బిల్డింగు ఏమిటో తెలియకుండానే దాని ముందు నుంచి రోజూ వెళ్తుంటారు. నేనూ ఆరేళ్ళు అలాగే తిరిగాను. ఆ తర్వాత చుట్టాలు వచ్చినప్పుడల్లా తిప్పి తిప్పి ఒక దారి కుదిరింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు రోజు చేసుకోవాల్సినవి

మంగళ, బుధ, గురువారాలు బెస్ట్. శని, ఆదివారాల్లో మ్యూజియంలో పిల్లల గోల ఎక్కువ ఉంటుంది, ఆదివారం కొన్ని ఆర్ట్ గ్యాలరీలు అసలు తెరవరు. మ్యూజియం ఉదయం 9:30 నుంచి సాయంత్రం 5 దాకా. ఆగస్టు 15, అక్టోబరు 2 లాంటి జాతీయ సెలవులకి కూడా మూసేస్తారు. నెలల్లో అయితే డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. మేలో వస్తే మీ ఇష్టం, నేను మాత్రం తోడు రాను.

ఆ వారంలో ఎక్కడ ఏ ఎగ్జిబిషన్ జరుగుతోందో ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి. ఇది బద్ధకించకూడని పని. గ్యాలరీల్లో ఒక ప్రదర్శన అయిపోయి ఇంకోటి మొదలయ్యే మధ్యలో గోడలు ఖాళీగా ఉంటాయి, మేకులు తప్ప చూడడానికి ఏమీ ఉండదు. ఆన్‌లైన్‌లో పెట్టిన తేదీలు పాతవి కూడా కావచ్చు, మనిషి గొంతు విన్నాకే నమ్మండి.

సంచిలో నీళ్ళ సీసా, గొడుగు, పవర్ బ్యాంక్, ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిలు. క్రికెట్ చూడడానికి కొన్న బైనాక్యులర్ ఇంట్లో మూలపడి ఉంటే అదీ వేసుకోండి. నవ్వొద్దు. ఈ ఊరి పాత బిల్డింగుల్లో అసలు పనితనమంతా కింద నిలబడిన కంటికి అందనంత ఎత్తులో ఉంటుంది.

ఇంకో మాట. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఇంజంబాక్కంలో చోళమండలం కళాకారుల గ్రామం ఉంది, 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు కలిసి కట్టుకున్నది. ఇంకా ముందుకెళ్తే ముట్టుకాడులో దక్షిణచిత్ర ఉంది. దక్షిణాది పాత ఇళ్ళని తెచ్చి మళ్ళీ నిలబెట్టారక్కడ, వాటిలో మన కోస్తా ఇల్లూ ఉంది, దానికి మంగళవారం సెలవు. రెండూ బావుంటాయి. కానీ వాటిని ఇదే రోజులో ఇరికించకండి. అది ఇంకో రోజు పని, ఆశపడితే రెండూ చెడతాయి.

ఇద్దరు మనుషుల పేర్లు గుర్తుపెట్టుకోండి

చెన్నైలో పాత బిల్డింగులు లెక్కలేనన్ని. అన్నీ చూడాలని బయల్దేరితే మూడోదాని దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఎర్ర ఇటుక, గుమ్మటం, గడియారం, అయిపోయింది. అందుకే నేను ఇద్దరు మనుషుల వెంట నడుస్తాను. పొద్దున హెన్రీ ఇర్విన్, మధ్యాహ్నం రాబర్ట్ చిషోమ్. ఇద్దరూ ఇంగ్లీషు ప్రభుత్వంలో పనిచేసిన ఆర్కిటెక్టులే, చిషోమ్ ముందువాడు, ఇర్విన్ తర్వాతివాడు. మైసూరు ప్యాలెస్ చూసి ఉంటే ఇర్విన్ పని మీరు చూసేసినట్టే, అది ఆయన డిజైనే.

వీళ్ళు కట్టిన పద్ధతిని ఇండో సారసెనిక్ అంటారు. పేరు చూసి భయపడక్కర్లేదు. ఒకే విస్తట్లో పులిహోర, బిర్యానీ, కేకు వడ్డించినట్టు అనుకోండి. మొగలాయి గుమ్మటాలు, కమానులు, మన గుళ్ళలోని స్తంభాలు, దూలాల కింద బోదెలు, వాటి పక్కన ఇంగ్లండు చర్చిలోని కోసు కిటికీలు, పైన ఒక గడియారం. కొన్నిచోట్ల ఈ వంటకం కుదిరింది, కొన్నిచోట్ల కుదరలేదు. ఎక్కడ కుదిరిందో మీరే తేల్చుకోండి, అందులోనే ఉంది సరదా.

మొదటి మజిలీ: ఎగ్మూరు స్టేషన్, పొద్దున 8:45

మెట్రోలో వస్తే ఎగ్మూరులో దిగండి. రైలు స్టేషన్ బిల్డింగు 1908లో తెరిచారు, ఇర్విన్‌దే. స్టేషన్ చుట్టూ పనులు జరుగుతూ రేకులు అడ్డం పెట్టి ఉంటే విసుక్కోకుండా కాస్త అటూ ఇటూ జరిగి సందు చూసుకోండి.

బిల్డింగు చూడడం ఎలాగో ఇక్కడే నేర్చుకోవాలి, ఎందుకంటే ఇక్కడ మిమ్మల్ని ఎవరూ తరమరు. మొదట రోడ్డుకి అవతలి వైపు నిలబడి మొత్తం ఒకేసారి చూడండి, ఫోన్ తీయకుండా. ఒక్క నిమిషం చాలు. మధ్యలో ఎత్తైన భాగం, అటూ ఇటూ రెక్కలు, పైన ఏం పెట్టాడు, ఎన్ని పెట్టాడు. తర్వాత దగ్గరికి వెళ్ళి నేలని కలిసేచోట చూడండి, రాయా, ఇటుకా, పూతా. ఆ తర్వాత తల పైకెత్తి చూరు కింద, కమాను మడతల్లో, వాన నీళ్ళు జారే చోట ఏముందో చూడండి. చివర్న వెనక్కి తిరిగి ఆ బిల్డింగు దేన్ని చూస్తోందో అటు చూడండి. ఈ నాలుగూ అలవాటైతే మిగతా రోజంతా ఇదే పని. ఫోటోలు వీటన్నిటి తర్వాత.

మా బాబాయి రిటైర్డ్ సివిల్ సూపర్‌వైజరు. రెండోసారి వచ్చినప్పుడు ఈ స్టేషన్ ముందు నిలబడి ఆయన అడిగింది ఒక్కటే, "ఇంత కమానుకి సెంట్రింగ్ ఏం పెట్టుంటారంటావు?" అని. కట్టేటప్పుడు కమాను కింద చెక్క సారువ నిలబెట్టి, మధ్య రాయి లేదా ఇటుక బిగిసి సున్నం గట్టిపడేదాకా దాన్ని తీయరు. ఆయన అది చేతులతో చేసి చూపించాక నాకు కమానులన్నీ కొత్తగా కనపడ్డాయి. మీ ఇంట్లో కూడా మేస్త్రీయో ఇంజనీరో ఉంటే తప్పకుండా వెంట తీసుకెళ్ళండి, గైడు కంటే మేలు.

టిఫిన్ స్టేషన్ ఎదురుగా కెన్నెత్ లేన్‌లో. లాడ్జీలు, హోటళ్ళు వరసగా ఉంటాయి. పొంగల్ తినకండి, మ్యూజియంలో నిద్ర వస్తుంది. ఇడ్లీ, కాఫీ.

రెండో మజిలీ: మ్యూజియం, 9:30 నుంచి పన్నెండున్నర దాకా

అక్కడి నుంచి పాంథియన్ రోడ్డుకి నడిచి వెళ్ళొచ్చు, ఎండగా ఉంటే ఆటో. ఆటో ఎక్కేముందు రేటు మాట్లాడుకోండి, లేదా యాప్‌లో బుక్ చేసుకోండి. ఇంత దూరానికి ఎంత అడుగుతారో విని ఒకసారి నేను నవ్వేశాను, అతనికి కోపమొచ్చి వెళ్ళిపోయాడు.

1851లో మొదలైన మ్యూజియం ఇది, ఈ ఆవరణకి 1854లో మారింది. లోపల చాలా బిల్డింగులున్నాయి, టికెట్ తీసుకునేటప్పుడే ఫోటోలకి విడిగా చీటీ కావాలేమో అడగండి. నేరుగా లోపలికి దూరిపోకుండా ముందు ఆవరణలో ఒక చుట్టు తిరగండి. ఎర్రగా, ముందు పెద్ద ద్వారంతో, ఫతేపూర్ సిక్రీలోని బులంద్ దర్వాజాని గుర్తుచేసేలా ఒకటుంటుంది. అది 1909లో విక్టోరియా మెమోరియల్ హాల్‌గా తెరిచారు, తర్వాత నేషనల్ ఆర్ట్ గ్యాలరీ అయింది. ఇదీ ఇర్వినే. లోపలికి పంపితే సంతోషం, పంపకపోయినా నష్టం లేదు, దీనికి అసలు అందం బయటే. పక్కనే 1896 నాటి కన్నెమరా లైబ్రరీ. అదీ ఆయనదే. పొద్దున్నుంచి ఒక్క మనిషి మూడు రకాలుగా కనిపించాడా లేదా?

ఇప్పుడు అసలు సంగతి. అమరావతి గ్యాలరీ.

ఇక్కడికొచ్చిన తెలుగువాళ్ళలో సగంమందికి ఈ గది ఉన్నట్టే తెలియదు. డైనోసార్ బొమ్మ, తిమింగలం ఎముకలు చూసి వెళ్ళిపోతారు. మన పాత గుంటూరు జిల్లా అమరావతి స్తూపం చుట్టూ సుమారు రెండు వేల ఏళ్ళ కిందట నిలబెట్టిన పలకలు, స్తంభాలు, కంచె ముక్కలు ఈ గదిలో ఉన్నాయి. అమరావతికి వెళ్తే దిబ్బ కనిపిస్తుంది, దాని ఒంటి మీది నగలు మాత్రం ఇక్కడా, లండన్‌లోనూ ఉన్నాయి.

ఎలా వచ్చాయంటే, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో ఊరు కట్టుకుంటున్నప్పుడు దిబ్బలోంచి తవ్విన రాళ్ళు పనికి వాడేవాళ్ళు. ఆ సంగతి విని ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో అక్కడికి వెళ్ళాడు, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా రాళ్ళు మద్రాసుకి పంపాడు. వాటిలో పెద్ద భాగం 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళింది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మిగిలినవి, తర్వాత దొరికినవి కలిసి ఈ గది. పాలరాయి అంటుంటారు గానీ పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. మా వైపు ఇంటి గచ్చుకి వేసే నాపరాయికి చుట్టమే అనుకోండి. అలాంటి రాయిలో అంత సన్నటి పనా అని అక్కడ నిలబడ్డప్పుడల్లా అనిపిస్తుంది.

ఈ గదిలో అన్నీ చూడకండి. మూడే మూడు రాళ్ళు ఎంచుకోండి. ఒక్కోదాని ముందు పది నిమిషాలు. మొదటి రెండు నిమిషాలు బోరు కొడుతుంది, ఫోన్ మీదికి చెయ్యి వెళ్తుంది, ఆగండి. నాలుగో నిమిషంలో రాయి కదలడం మొదలుపెడుతుంది.

ఒకటి నేను చెప్తాను, మిగతా రెండు మీరు ఎంచుకోండి. గుండ్రంగా బండి చక్రంలా ఉన్న పలక ఒకటి వెతకండి, అందులో ఏనుగు రెండుసార్లు కనిపించాలి. నలగిరి అనే ఏనుగు కథ అది. బుద్ధుణ్ణి చంపించాలని దేవదత్తుడు మదమెక్కిన ఏనుగుని రాజగృహం వీధిలోకి వదిలిస్తాడు. ఎడమ వైపు ఏనుగు విజృంభించి వస్తోంది, జనం చెల్లాచెదురు, ఒకావిడ భయంతో పక్కనున్న మనిషిని అతుక్కుపోయింది. పైన మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు, మన ఊళ్ళో ఆంబోతు వీధిలోకి వస్తే డాబాల మీదికెక్కి చూస్తారే, అచ్చం అలాగే. ఇప్పుడు కళ్ళు కుడి వైపుకి జరపండి. అదే ఏనుగు మోకాళ్ళు మడిచి బుద్ధుడి పాదాల ముందు ఒదిగిపోయింది. చప్పుడంతా ఎడమ పక్కే ఆగిపోయినట్టుంటుంది. మధ్యలో గీత లేదు, గడి లేదు, రెండు క్షణాలూ ఒకే వీధిలో. మా పిన్ని కూతురు, తొమ్మిదో తరగతి, దీని ముందు చాలాసేపు నిలబడి, "అన్నా, ఏనుగు ఇటు వచ్చేసరికి చిన్నదైపోయింది చూడు" అంది. ఒదిగింది కదా, అందుకని చిన్నగా కనిపిస్తుంది. అన్నిసార్లు చూసిన నాకు అది తట్టలేదు.

ఇంకో చిట్కా. పాత పలకల్లో బుద్ధుడు మనిషి రూపంలో కనపడడు. ఖాళీ సింహాసనం, దాని ముందు రెండు పాదాల గుర్తులు, లేదా బోధి చెట్టు, లేదా చక్రం. చుట్టూ జనం దణ్ణాలు పెడుతున్నారు, మధ్యలో ఎవరూ లేరు అనిపిస్తే, ఆ ఖాళీయే ఆయన. ఏ రాయిలో ఖాళీగా ఉన్నాడో, ఏ రాయిలో మనిషిగా వచ్చాడో పిల్లలకి పందెం పెట్టండి, గంటసేపు గొడవ చేయరు.

నోటుబుక్కు ఇక్కడ తీయండి. బొమ్మలు వేయడం రాకపోయినా ఒక చెయ్యో, ఒక తలపాగానో చూసి గీయండి. ఎంత వంకరగా వచ్చినా ఫర్వాలేదు, ఎవరికీ చూపించక్కర్లేదు. ఫోటో తీస్తే మర్చిపోతాం, గీస్తే గుర్తుంటుంది, ఎందుకంటే గీయాలంటే ఆ వేలు ఎటు వంగిందో ముందు చూడాలి కదా.

తర్వాత కంచు విగ్రహాల గ్యాలరీ, అది వేరే బిల్డింగు. ఇక్కడా మూడే. తిరువాలంగాడు నటరాజు ఇక్కడివాడే, ఈ విగ్రహం ఫోటోలు చూసే ఫ్రెంచి శిల్పి రోడాన్ శివతాండవం మీద వ్యాసం రాశాడు. తిరువెణ్కాడు అర్ధనారీశ్వరుడి దగ్గర చేతులు లెక్కపెట్టండి, శివుడి వైపు రెండు, అమ్మవారి వైపు ఒకటే. నడుము ఎక్కడ మగదిగా ఉండి ఎక్కడ ఆడదిగా మారిందో ఆ గీత దొరుకుతుందేమో చూడండి, నాకు దొరకలేదు. ఇవన్నీ ముందు మైనంతో చేసి, పైన మట్టి పూసి, కాల్చి మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసి, మట్టి పగలగొట్టి తీసినవి. అచ్చు పగిలిపోతుంది కాబట్టి ఒకదానిలాంటిది ఇంకోటి ఉండదు. పీఠాల దగ్గర కన్నాలు, కడియాలు కనిపిస్తే అవి ఊరేగింపులో వాసాలు దూర్చి మోయడానికి. ఉత్సవ విగ్రహాలు కదా. ఇలా అద్దాల పెట్టెలో కదలకుండా నిలబడడానికి చేసినవి కావు.

పన్నెండున్నరకి బయటికి వచ్చేయండి. చూడనివి చాలా ఉన్నాయని మనసు పీకుతుంది, పీకనివ్వండి.

భోజనం

ఎగ్మూరులోనే మీల్స్ తినేయండి. ఒంటిగంట దాటితే క్యూ. చల్లటి చోట ఒక అరగంట కూర్చోండి, పెద్దవాళ్ళుంటే గంట.

మూడో మజిలీ: ఎగ్జిబిషన్, 2 నుంచి మూడున్నర

గ్రీమ్స్ రోడ్డులో లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఈ రోడ్డు పేరు వింటే మనవాళ్ళకి ఆస్పత్రే గుర్తొస్తుంది. ఎవరికైనా అటెండెంట్‌గా వచ్చి రిపోర్టుల కోసం రెండు గంటలు ఖాళీగా ఉండాల్సి వచ్చినా ఇక్కడికి రావొచ్చు, నేను మొదటిసారి వచ్చింది అలాగే. ముందు రోజు ఫోన్ చేసి అక్కడ ప్రదర్శన లేదని తెలిస్తే ఆళ్వారుపేట, నుంగంబాక్కం వైపు ప్రైవేటు గ్యాలరీల్లో ఏదో ఒకటి ఉంటుంది.

మనకి గ్యాలరీ అంటే ఎందుకో జంకు. గాజు తలుపు, లోపల ఏసీ, గోడ మీద అర్థంకాని రంగులు, బల్ల దగ్గర ఒకమ్మాయి. "మనల్ని పట్టించుకుంటారా?" అనిపిస్తుంది. పట్టించుకోరు, అదే సుఖం. ఇలాంటి చోట మామూలుగా టికెట్ ఉండదు, కొనమని ఎవరూ అడగరు. లోపలికి వెళ్ళి ముందు చీటీలు చదవకుండా మొత్తం ఒక రౌండు కొట్టండి. కాళ్ళు ఏ బొమ్మ దగ్గర వాటంతటవే ఆగాయో దాని దగ్గరికి రెండో రౌండులో మళ్ళీ వెళ్ళండి. అప్పుడు చీటీ చదవండి. పేరు, ఏ సంవత్సరం, దేనితో చేశారు. "కాన్వాస్ మీద అక్రిలిక్" అని ఉంటే రంగు త్వరగా ఆరేది, నూనె రంగు అయితే నెమ్మదిగా ఆరేది, అందుకే వాటి అంచులు వేరుగా ఉంటాయి. పక్కకి జరిగి, గోడకి దాదాపు ఆనుకుని, బొమ్మని ఓరగా చూడండి, రంగు ఎక్కడ మందంగా పేరుకుందో కనిపిస్తుంది. ముట్టుకోవద్దు, ఎంత చెయ్యి దురద పెట్టినా.

నచ్చకపోతే నచ్చలేదనుకోండి. అర్థం కాకపోవడం తప్పు కాదు, అర్థమైనట్టు తల ఊపడమే ఇబ్బంది. ఆర్టిస్ట్ అక్కడే ఉంటే, చాలాసార్లు ఉంటారు, పాపం మూలన కుర్చీలో కూర్చుని ఎవరైనా మాట్లాడతారేమోనని చూస్తుంటారు, వెళ్ళి పలకరించండి. "దీని అర్థమేంటండీ" అని అడగొద్దు. "ఇది వేయడానికి ఎన్నాళ్ళు పట్టింది?", "ముందు ఏ రంగు వేశారు?" అని అడగండి, గలగలా మాట్లాడతారు. నేనొకసారి బూడిద రంగు చతురస్రాలు తప్ప ఏమీ లేని కాన్వాస్ ముందు నిలబడి ఒకాయన్ని ఇలాగే అడిగితే, అది వాళ్ళ ఊళ్ళో ఎండబెట్టిన చేపల వలల నీడ అన్నారు. తిరిగి చూశాను. నిజమే, అన్నీ వలలే. ధర అడగడానికీ మొహమాటపడక్కర్లేదు, చెప్తారు. విని గుటకలు మింగి థాంక్స్ చెప్పి రావడమే.

నాలుగో మజిలీ: సెంట్రల్ మూల, 3:45

ఆటోలో పూనమల్లి హైరోడ్డు మీదుగా రండి. దాన్ని ఇప్పుడు ఈవీఆర్ శాలై అంటారు. దారిలో పెరియమేడు దగ్గర ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ వస్తుంది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు మొదలుపెట్టిన బడి, తర్వాత కొంతకాలం చిషోమ్ కూడా దానికి పెద్దగా ఉన్నాడు. ఆటోలోంచి చూసి గుర్తుపెట్టుకోండి చాలు, సాయంత్రం మళ్ళీ పని పడుతుంది.

సెంట్రల్ ముందు మూడు బిల్డింగులు పక్కపక్కనే. తెల్లగా మెరిసేది రిప్పన్ బిల్డింగు, 1913లో పూర్తయిన చెన్నై కార్పొరేషన్ ఆఫీసు. దీనికి ఇర్విన్‌తోనూ చిషోమ్‌తోనూ సంబంధం లేదు, పొద్దున్నుంచి చూసిన ఎరుపు పక్కన ఈ తెలుపు పెట్టి చూడండి, తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. మొగలాయి గుమ్మటాల్లేవు, మొగలాయి కమానుల్లేవు, నిటారు స్తంభాలు, సూటి గీతలు.

దాని పక్కన ఎర్రటి విక్టోరియా పబ్లిక్ హాల్. ఇది చిషోమ్‌ది. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడండి, ఎందుకంటే 1883లో దీనికి శంకుస్థాపన చేసింది మన విజయనగరం మహారాజు ఆనంద గజపతి. చెన్నపట్నం నడిబొడ్డున ఊరందరి కోసం కట్టిన హాలుకి మన రాజుగారు రాయి వేశారని చెప్తే మా బాబాయి వెంటనే, "ఆ రాయి ఎక్కడుందో చూడు" అని నన్ను ఎండలో అటూ ఇటూ పరిగెత్తించాడు.

ఇక సెంట్రల్ స్టేషన్, 1873 నాటిది. మొదటి డిజైను జార్జ్ హార్డింగ్‌ది, తర్వాత మార్పులు చిషోమ్‌వి. ఇన్నేళ్ళూ పరిగెత్తుకుంటూ లోపలికి దూరిపోయారు కదా, ఇవాళ రైలు లేదు, తీరిగ్గా గడియారం చూడండి. ఇక్కడ ట్రాఫిక్ భయంకరంగా ఉంటుంది, రోడ్డు మీదుగా దాటే సాహసం వద్దు, సబ్‌వేలోంచి వెళ్ళండి. ముప్పావు గంట చాలు ఈ మూలకి.

అయిదో మజిలీ: చేపాక్కం నుంచి మెరీనా, అయిదింటికి

సెంట్రల్‌లో మెట్రో ఎక్కి బ్లూ లైనులో తర్వాతి స్టేషన్ గవర్నమెంట్ ఎస్టేట్‌లో దిగి, అక్కడి నుంచి వాలాజా రోడ్డు మీదుగా ఆటో. క్రికెట్ స్టేడియం దాటాక చేపాక్కం ప్యాలెస్ వస్తుంది. 1768లో ఆర్కాటు నవాబు కోసం కట్టింది. ఇండో సారసెనిక్ అంటూ పొద్దున్నుంచి చూస్తున్నామే, ఆ పద్ధతికి మొదటి మెట్టు ఇదేనంటారు. వంద ఏళ్ళ తర్వాత చిషోమ్ వచ్చి దీనికి బురుజు కలిపాడు. లోపల ఆఫీసులు, బయటి నుంచే చూడాలి. చెట్లు, గోడలు అడ్డం. బైనాక్యులర్ ఇప్పుడు తీయండి.

సముద్రం వైపు రాగానే యూనివర్సిటీ ఆవరణలో సెనేట్ హౌస్. 1879లో పూర్తయింది, నా లెక్కలో చిషోమ్ చేసినవాటిలో ఇదే కుదిరిన వంటకం. నాలుగు మూలలా గుమ్మటాల బురుజులు, రంగు రంగుల రాళ్ళు, అంత ఉండీ గందరగోళంగా అనిపించదు. గేటు దగ్గర అడిగి చూడండి, పంపితే దగ్గరికెళ్ళండి, లేకపోతే రోడ్డు నుంచే. 1926లో ఆంధ్రా యూనివర్సిటీ వచ్చేదాకా కోస్తా, సీమ పిల్లల డిగ్రీలన్నీ ఈ మద్రాసు యూనివర్సిటీవే. ఇంట్లో ముత్తాతగారి సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంటే దాని మీది పేరు ఒకసారి చూడండి.

ఇక రోడ్డు దాటితే బీచ్. అక్కడే కార్మికుల విగ్రహం, నలుగురు మనుషులు పెద్ద బండని కదిలిస్తున్నట్టు ఉంటుంది. 1959లో పెట్టారు. చేసింది దేవీప్రసాద్ రాయ్ చౌధురి. పెరియమేడు కాలేజీ గుర్తుందా, దానికి మొదటి భారతీయ ప్రిన్సిపాల్ ఈయనే, దాదాపు ముప్ఫై ఏళ్ళు అక్కడే పనిచేశారు. చోళమండలం పణిక్కర్ ఈయన శిష్యుడే. మెరీనాలో సూర్యుడు ఊరి వైపు దిగుతాడు, సముద్రం వైపు కాదు. కాబట్టి ఇసుకలో నిలబడి చూస్తే విగ్రహం నల్లటి నీడలా కనిపిస్తుంది. రోడ్డు వైపుకి రండి, పొద్దు వాలే వెలుగు సరిగ్గా వాళ్ళ వీపుల మీదా పిక్కల మీదా పడుతుంది. చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరగండి, ఒక్కో వైపు నుంచి ఒక్కో మనిషి ఎక్కువ బరువు మోస్తున్నట్టు ఉంటుంది. పొద్దున కంచు విగ్రహాల్లో అంత భారమూ ఒక్క కాలి మీద తేలిగ్గా నిలబడింది, ఇక్కడ ఎనిమిది కాళ్ళు నేలని తన్నుతున్నా బండ ఇంకా కదలాలి.

ఇక కూర్చోండి. మిరపకాయ బజ్జీ వేడిగా వేయించేచోటే కొనుక్కోండి, ముందే వేసి కుప్ప పోసినవి వద్దు. పిల్లలు నీళ్ళలోకి వెళ్తామంటారు, మోకాళ్ళ లోతు దాటనివ్వకండి, ఈ తీరంలో అలల లాగుడు ఎక్కువ. సెంట్రల్‌లో రాత్రి రైలుంటే ఏడుంపావుకల్లా లేవాలి. మా పిన్ని అయితే ఇసుక దులుపుకుంటూ లేచి, "టీనగర్ తొమ్మిదింటిదాకా తెరిచే ఉంటుంది కదరా?" అంది.